మూడు వేల రెండు వందల తేడా

మా ముత్తాత పదకొండు ఊళ్లకు మాలీ పటేలు. ఆ ఊళ్ల భూమి శిస్తు వసూలు చేసి సర్కారు ఖజానాకు జమకట్టే హక్కు ఆయనది. మా తాత ఏడు ఊళ్లకు పటేలు. మా నాన్న ఒక్క ఊరికి పటేలు. పటేల్, పట్వారీ పద్ధతిని ప్రభుత్వం రద్దు చేసిన రోజున ఆయనకు ఆ ఒక్క ఊరూ లేకుండా పోయింది. నేను దేనికీ పటేల్ని కాను. అయినా దమ్మపేటకూ అశ్వారావుపేటకూ మధ్య, అడవి అంచున ఉన్న మా ఊళ్లో పెద్దవాళ్లు నన్ను పటేలా అనే పిలిచేవారు. వద్దని నేను ఎప్పుడూ అనలేదు.

మా ఇంటికి ముందు, ఇంటిని అంటుకోకుండా, విడిగా ఒక పొడవాటి గది ఉండేది. దాన్ని కచేరీ అనేవాళ్లం. పన్నెండు టేకు స్తంభాలు, పైన పెంకు, మూడు జతల తలుపులు. శిస్తు కట్టడానికి వచ్చినవాళ్లు ఆ గదిలోనే నిలబడేవారు. ముత్తాత కూర్చున్న కుర్చీ తూర్పు గోడ దగ్గర ఉండేది. కుర్చీ పక్కన గోడలో చిన్న గూడు. తెచ్చిన రూపాయలు ఆ గూట్లో పెట్టాలి, పటేలు చేతికి ఇవ్వకూడదు. అది మా ఇంటి పద్ధతి. చేయి చాచి తీసుకునేవాడు అడుక్కునేవాడితో సమానమని మా తాత అనేవాడు.

ఇంకో పద్ధతి కూడా ఉండేది. వంద రూపాయల శిస్తు ఉన్నవాడు నూటయిదు తేవాలి. వంద సర్కారుకు, ఐదు మా ఇంటికి. దస్త్రం రాసినందుకు, కబురు పంపినందుకు, నడిచినందుకు, కూర్చున్నందుకు. ఈ లెక్కను తాత నాకు చిన్నప్పుడు ఆ గదిలోనే నేర్పాడు. “యాభైకి?” అంటే “యాభై, ఆ మీద రెండున్నర” అనాలి. “రెండు వందల నలభైకి?” అంటే “రెండు వందల నలభై, ఆ మీద పన్నెండు.” కాగితం పట్టకూడదు. నేను ఏడేళ్లకే కాగితం లేకుండా చెప్పేవాణ్ణి. తాత నా వెన్ను తట్టి నిటారుగా కూర్చోమనేవాడు. నడుం వంచి లెక్క చెప్పడం ఆయనకు నచ్చేది కాదు.

నేను చెప్పబోయేది వ్యాట్ అనే కొత్త పన్ను వచ్చిన మరుసటి ఏడు సంగతి. అప్పటికి నాకు నలభై దగ్గరపడింది. డిగ్రీ మధ్యలో ఆగిపోయింది. మిగిలిన నాలుగెకరాల్లో జామాయిల్ తోట వేసి, అది పెరిగేదాకా ఏదో ఒకటి చేయాలి కాబట్టి, కచేరీలో ట్యూషన్ చెప్పడం మొదలుపెట్టాను. పిల్లలకు కాదు. ఓపెన్ స్కూల్లో పదో తరగతి పరీక్ష రాసే పెద్దవాళ్లకు. ఆ ఏడు నలుగురు వచ్చేవారు. ఇద్దరు అశ్వారావుపేట పామాయిల్ ఫ్యాక్టరీలో కూలీలు. పదో తరగతి కాగితం ఉంటే పర్మినెంటు చేస్తామని అక్కడ ఎవరో చెప్పారట. ఒకతను ఫారెస్టు వాళ్ల దగ్గర వాచర్. నాలుగో మనిషి ఒక కోయ ఆవిడ, ముప్పై ఏళ్లుంటాయి. మా ఊరికి మూడు కిలోమీటర్ల లోపల, అడవిలో ఉన్న గూడెంలో అంగన్‌వాడీ ఆయా. పది పాసైతే అదే కేంద్రంలో టీచరు కావచ్చు. అందుకని సాయంత్రం నాలుగింటికి పిల్లలను ఇళ్లకు పంపి, నడుచుకుంటూ వచ్చేది.

నెలకు మనిషికి యాభై రూపాయలు. మొదటి నెల ఫ్యాక్టరీ కూలీ ఒకడు నోటు నా ముందుకు చాపితే నేను చూడనట్టు పుస్తకం తిరగేశాను. ఆవిడే లేచి వాడి చేతిలోంచి నోటు తీసుకుని, తన నోటుతో కలిపి గూట్లో పెట్టింది. ఆ సంగతి ఎవరు చెప్పారని తర్వాత అడిగాను.

“మా మామ చెప్పిండు సారూ. మా మామోళ్ల నాయిన గీడనే పెట్టేటోడట. వందకు నూటయిదు.”

ఆమె దాన్ని దెప్పుతున్నట్టు అనలేదు. దారి చెప్పినట్టు చెప్పింది. నాకు మాత్రం మంచి మాట విన్నట్టే అనిపించింది. మా ఇంటి పద్ధతి ఇంకా ఎవరికో గుర్తుందని.

మాథ్స్ నేను చదువుకున్న సబ్జెక్టు కాదు. అయినా శాతాల పాఠం వచ్చినప్పుడు నాకు భయం లేదు. అది మా ఇంటి విద్య. “ఒక ఫ్యాను వెల 800 రూపాయలు, దానిమీద పన్నెండున్నర శాతం వ్యాట్, బిల్లు ఎంత?” అని పుస్తకంలో ఉంటుంది. పూర్తిగా చదవకముందే నేను “ఎనిమిది వందలు, ఆ మీద వంద, తొమ్మిది వందలు” అనేవాణ్ణి. ఫ్యాక్టరీ కూలీలు నోళ్లు తెరిచి చూసేవాళ్లు. పుస్తకం మాత్రం ప్రతి లెక్కనూ x అనుకుందాం అని మొదలుపెట్టమనేది. నాకది నచ్చేది కాదు. తెలియనిదాన్ని తెలిసినట్టు ఒక అక్షరం పెట్టి పిలవడం ఏమిటి? మా కచేరీలో ఎవరు ఎంత ఇవ్వాలో తెలియని రోజు లేదు.

ఆ కూలీల్లో సరదా మనిషి ఒకడున్నాడు. “సారూ, x అంటే మా సూపర్‌వైజర్ లెక్కనే గదా. యాడుంటడో కనబడడు, గానీ అన్నీ ఆని చేతులనే ఉంటయ్” అన్నాడు.

వాచర్ నవ్వాడు. “మరి మీ సూపర్‌వైజర్‌ను అవతలి దిక్కుకు పంపితే మైనస్ అయితడా?”

“అవ్, పంపి చూడు, నీ నౌకరీ మైనస్ అయితది.”

ఆయా నవ్వలేదు. x అంటే ఆమెకు ఇష్టం. నోటుబుక్కులో ప్రతి లెక్క పైనా గుండ్రంగా రాసుకునేది: అడిగినది x.

ఆ ఎండాకాలం మొదట్లోనే మా పెదనాన్న కొడుకు ఖమ్మం నుంచి వచ్చాడు. నాకంటే నాలుగేళ్లు పెద్ద, అన్నయ్య అంటాను. తండ్రుల పంపకాల్లో ఇల్లు మాకు, ఖమ్మం దగ్గరి భూమి వాళ్లకు వచ్చాయి. కచేరీ మాత్రం పంచుకోలేదు. చెరి సగం అని నోటిమాటగా ఉండిపోయింది. అన్నయ్య వెంట పాత ఇళ్ల కలప కొనే వ్యాపారి ఒకాయన వచ్చాడు. స్తంభాలను గోటితో గీకి చూశాడు, దూలాలు లెక్కపెట్టాడు, తలుపులు తీసి వేశాడు. కుర్చీని కూడా ఎత్తి బరువు చూశాడు. లక్షా అరవై వేలు అన్నాడు.

“నా సగం ఎనబై వేలు తమ్మీ” అన్నాడు అన్నయ్య. “పెద్దదాని చదువు ఉన్నది నాకు. నువ్వు ఇస్తవా, నువ్వే ఉంచుకో. నాకు ఈ గదితోని పనిలేదు. ఇయ్యలేవా, అమ్ముదాం.”

“ఇస్తాను.”

“ఎప్పుడు?”

“వానలకు ముందు. తారీఖు నువ్వే చెప్పు.”

అన్నయ్య తారీఖు చెప్పాడు. ఆ రోజు తను వస్తానని, ఎనభై వేలు ఉంటే వాటా వదులుకున్నట్టు కాగితం రాసిస్తానని, లేకపోతే వ్యాపారి లారీ వస్తుందని. అందులో కోపం లేదు. మా వంశంలో మాటలు అలాగే ఉంటాయి. చెప్పింది చెప్పినట్టు. నేను కూడా అలాగే తలూపాను.

జామాయిల్ అప్పటికి కోతకు వచ్చింది. సత్తుపల్లి వైపు నుంచి ఒక కాంట్రాక్టరు వచ్చి తోటంతా తిరిగాడు. టన్నుల్లెక్క తనకు వద్దని, గుత్తగా తీసుకుంటానని అన్నాడు.

“ఒకటే మాట చెప్పండి పటేల్ గారూ. బేరం వద్దు. మీరు చెప్పిన మొత్తంలోంచి పన్ను నాలుగు, నరికే కూలీ, లోడింగు పది, నా కమీషను ఆరు, అన్నీ కలిపి నూటికి ఇరవై నేను పట్టుకుంటానండి. మిగతాది మీ చేతిలో పెడతాను. మొత్తం ఎంతో మీరే చెప్పండి.”

నాకు కావలసింది ఎనభై వేలు. రూపాయి తగ్గకూడదు, పెరగనవసరం లేదు. తోట విలువ ఇంకా ఎక్కువ ఉంటుందని నాకు తెలుసు. ఎక్కువ అడగడం మాత్రం నాకు రాదు. ఎనభై వేలకు ఇరవై శాతం పదహారు వేలు. నేను నిలబడిన చోటనే, కాగితం పట్టకుండా, “తొంభై ఆరు వేలు” అన్నాను.

కాంట్రాక్టరు ఒక క్షణం నా ముఖం చూశాడు. “తొంభై ఆరేనా అండీ?”

“ఒకటే మాట అన్నారు కదా.”

“అలాగేనండీ, మీ మాటే” అన్నాడు. ఆ క్షణం ఆయన ఎందుకు ఆగాడో నాకు పట్టలేదు. ధర ఎక్కువనిపించిందేమో అనుకున్నాను. ముందు డబ్బు తీసుకోలేదు. నరకడం అయిపోయాక, అన్నయ్య వచ్చే రోజు పొద్దున మొత్తం తెచ్చివ్వమన్నాను. కావలసింది కావలసిన రోజున వస్తే చాలు.

నరకడం మొదలైన వారమే ఆ లెక్క వచ్చింది. పాఠం చివర, కష్టమైన లెక్కల్లో. ‘ఒక రైతు పంటను ఏజెంటు ద్వారా అమ్మాడు. అమ్మిన మొత్తంలో పన్ను, కమీషను కలిపి 20 శాతం మినహాయించుకోగా రైతుకు 8,000 రూపాయలు వచ్చాయి. పంట ఎంతకు అమ్మారు?’

నేను కుర్చీలోంచి లేవకుండానే చెప్పాను. “ఎనిమిది వేలు, ఆ మీద పదహారు వందలు. తొమ్మిది వేల ఆరు వందలు. రాసుకోండి.”

నలుగురూ రాసుకున్నారు. ఆయా పుస్తకం వెనక జవాబులు చూసింది.

“సారూ, పుస్తకంల పది వేలని ఉన్నది.”

“అచ్చుతప్పు. ఈ పుస్తకాల్లో చాలా ఉంటాయి.”

ఆమె తల వంచి పెన్సిలుతో ఏదో గీసింది. మిగతావాళ్లు తర్వాతి లెక్కకు పోయారు. కాసేపటికి మళ్లీ తలెత్తింది.

“తప్పు కాదు సారూ. పదివేలే వస్తంది. x అనుకొని చేసిన. x ల ఇరవై పాళ్లు పోతే ఎనబై పాళ్లు మిగులుతయ్. ఆ ఎనబై పాళ్లే ఎనిమిది వేలు.”

“ఇరవై శాతం ఎనిమిది వేల మీద వేయాలి.”

“ఎనిమిది వేలు ఆనికి మిగిలినయి గదా సారూ. కోసింది మొత్తంలకెల్లి.” నాకు అర్థమయ్యేట్టు చెప్పాలని ఆమె తాపత్రయం. “మేం సంతకు చింతపండు మోస్తం. షావుకారు తరుగని, మట్టని, పదికి రెండు కిలోలు కోస్తడు. ఇంటికి ఎనిమిది కిలోల పైసలు కావాలంటే పది కిలోలు మొయ్యాలె. తొమ్మిదిన్నర మోస్తే సరిపోదు. మా అత్తకు సదువు రాదు గానీ ఈ లెక్క వస్తది.”

సరదా కూలీ ఊరుకోలేదు. “అవ్ సారూ, నా జీతం గూడ గట్లనే. చేతికొచ్చేదాని మీద గాదు, రాసినదాంట్ల కోస్తరు.”

నేను పుస్తకం మూసేశాను. ఆమె నోటుబుక్కు ఇలా తెమ్మన్నాను. తెచ్చింది. పెన్సిలుతో వరసగా, తుడుపులు లేకుండా చేసి ఉంది. నా చేతిలో ఎర్ర పెన్ను ఉంది. ఆమె నోటుబుక్కు అందుకోవడానికి వంగి నిలబడి, మెల్లగా, నన్ను ఓదారుస్తున్నట్టుగా అంది.

“మీకాడ మీద పెట్టుడే ఉండె గదా సారూ. లోపట్నించి కోసుడు మీకు ఎన్నడు కాలే. అందుకే గిట్ల అనిపిస్తంది మీకు.”

ఆ గదిలో, ఆ కుర్చీలో కూర్చున్న మా వాళ్లతో ఎవరైనా అలా మాట్లాడి ఉంటారా అన్నది నాకు వెంటనే వచ్చిన ఆలోచన. రెండో ఆలోచన తొంభై ఆరు వేల గురించి రావలసింది. వచ్చింది కూడా. కానీ దాన్ని నేను లోపలికి రానివ్వలేదు. ఆమె చేసిన లెక్క మీద ఆ చివర నుంచి ఈ చివరకు ఎర్ర గీత కొట్టి, కింద 9,600 అని వేసి ఇచ్చాను.

ఆమె దాన్ని చూసుకుని తన చోట కూర్చుంది. ఆ సాయంత్రం తర్వాత నేనుగా ఆ లెక్కను ఒక్కసారి కూడా కాగితం మీద చేసి చూడలేదు. ఐదు నిమిషాల పని. తోటలో చెట్లు పడుతున్న చప్పుడు ఇంటికి వినిపించేది. ప్రతి చప్పుడుకూ ‘ఎనభై, ఆ మీద పదహారు’ అని మనసులో అనుకునేవాణ్ణి. ఎన్నిసార్లు అనుకుంటే అంత నిజమవుతుందన్నట్టు.

కాంట్రాక్టరు చెప్పిన రోజున, పొద్దున తొమ్మిదింటికి వచ్చాడు. కచేరీలో చాప మీద కూర్చుని నోట్ల కట్టలు బయటపెట్టాడు. ఒక చిన్న కాగితం కూడా రాసుకొచ్చాడు. మొత్తం తొంభై ఆరు వేలు. పన్ను మూడు వేల ఎనిమిది వందల నలభై. కూలీ, లోడింగు తొమ్మిది వేల ఆరు వందలు. కమీషను ఐదు వేల ఏడు వందల అరవై. కోత పందొమ్మిది వేల రెండు వందలు. చేతికి డెబ్భై ఆరు వేల ఎనిమిది వందలు.

తొమ్మిది వేల ఆరు వందలు అన్న అంకె దగ్గర నా చూపు ఆగిపోయింది. ఎర్ర పెన్నుతో నేను వేసిన అంకె అదే.

“ఏమండీ, తేడా ఉందా?” అన్నాడు కాంట్రాక్టరు.

“లేదు.”

“మీకు చేతికి ఎంత కావాలో చెప్పి ఉంటే నేనే చూసి చెప్పేవాణ్ణండి. ఆ తోటకు లక్ష కూడా పెట్టొచ్చు. ఆ రోజు మీరు తొంభై ఆరంటే నేనే ఆశ్చర్యపోయాను.” ఆయన మంచివాడు. జేబు తడుముకున్నాడు. “ఒక రెండు, మూడు వేలు అటూ ఇటూ అయితే చూద్దామండీ.”

“మాట ఒకటే అనుకున్నాం. ఇది సరిపోయింది” అన్నాను. నిటారుగా కూర్చుని అన్నాను. ఆయన దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

ఇంట్లో ఉన్నదంతా కలిపితే నాలుగు వందలు తేలింది, అది కూడా నెల సరుకులకు. నా భార్య విషయం విని, “బావగారిని రెండు రోజులు ఆగమనండి. మీ మాట వినరా?” అంది. వినేవాడే. రెండు రోజులు కాదు, నెల రోజులు ఆగమన్నా ఆగేవాడేమో. అడగాలి కదా.

పదకొండింటికి ఆయా వచ్చింది. ఆ రోజు క్లాసు లేదు. తునికాకు కల్లంలో ఆ పొద్దునే డబ్బులు పంచారట. తోట బేరం సంగతి మాత్రం నరికే కూలీల దగ్గర నాలుగు రోజుల ముందే విన్నదట. ఊళ్లో మాట ఎంతసేపట్లో పాకుతుందో నాకు తెలియనిది కాదు. గడప దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. కొంగు ముడి విప్పి, నోట్లు లెక్కపెట్టి, గూట్లో పెట్టింది.

“ఏంటది?”

“మూడు వేల రెండు వందలు సారూ.”

ఎంత తగ్గిందో నేను ఎవరికీ చెప్పలేదు. కాంట్రాక్టరు కూలీలకు తెలిసింది తొంభై ఆరు, నూటికి ఇరవై కోత; అన్నయ్యకు ఎనభై ఇవ్వాలన్నది ఊరందరికీ తెలుసు. మిగతాది ఆమె చేసుకున్న లెక్క.

“ఆకు పైసలు కొన్ని, పొదుపు సంఘంల అప్పు తీస్కున్నయి కొన్ని. మీరు నిమ్మళంగ ఇయ్యుండ్రి.”

“తీసుకుపో.”

“మీ చేతికి ఇస్తలేను గదా సారూ. గూట్ల పెట్టిన. గిది ఈడి పద్ధతే గదా.”

పద్ధతి ప్రకారమే పెట్టింది. మా తాత ఉంటే ఏమనేవాడో కూడా నాకు తెలియలేదు. ఆ గూట్లో డబ్బు పెట్టినవాళ్లందరూ బాకీ ఉండి పెట్టినవాళ్లు. బాకీ లేని మనిషి అక్కడ రూపాయి పెట్టడం అదే మొదటిసారి.

“మీ మామకు తెలుసా?”

“ఆయనే తియ్యమన్నడు సంఘంల.” కాస్త నవ్వింది. “పటేల్ కచేరీ పోతే ఊరికి గుర్తేముంటదన్నడు. మా నాయిన నిలబడ్డ జాగ అన్నడు.”

నేను లేచి గూట్లోంచి ఆ నోట్లు తీశాను. పెట్టిన మనిషి ఎదుటే తీయడం నాకు కూడా అదే మొదటిసారి. ఎప్పుడూ వాళ్లు వెళ్లిన తర్వాతే తీసేవాణ్ణి. గడప దగ్గరికి వెళ్లి ఆమె చెప్పుల పక్కన పెట్టి, “మీ దగ్గర చేబదులు తీసుకునే రోజు ఇంకా రాలేదు” అన్నాను.

గాలికి పైనున్న నోటు కదిలితే ఆమె వంగి అన్నీ తీసుకుంది.

“వచ్చింది సారూ” అంది. “మీరే చూస్తలేరు.” చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

మధ్యాహ్నం బస్సుకు అన్నయ్య వచ్చాడు. మంచినీళ్లు తాగి, కాగితం తీశాడు. నేను డెబ్భై ఆరు వేల ఎనిమిది వందలు ముందు పెట్టాను. లెక్కపెట్టుకున్నాడు. ఇంకోసారి లెక్కపెట్టాడు.

“తక్కువున్నయ్ గదా తమ్మీ.”

“అవును.”

“మిగతాయి?”

“లేవు.”

“రేపిస్తవా?” అన్నాడు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ ప్రశ్నలో నాకు తోవ ఇచ్చాడనిపిస్తుంది. రేపు అంటే చాలు. ఒక పూట ఆగు అన్నయ్యా అంటే చాలు. తలుపు వెనక నా భార్య నిలబడి ఉంది, ఆమె గాజుల చప్పుడు వినిపించింది.

“ఎనభై అనుకున్నాం. ఎనభై లేవు” అన్నాను. ఆగమని నేను అడగలేదు.

అన్నయ్య కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. డబ్బు నా వైపు తోశాడు. అతనిదీ అదే నడుం. తల వంచడు, వంచమనడు. పోతూ పోతూ స్తంభం మీద చెయ్యి వేసి, చిన్నప్పుడు మా ఇద్దరి ఎత్తూ కొలిచి గీసిన గీతలను ఒకసారి చూసుకున్నాడు.

రెండు రోజులకు లారీ వచ్చింది. విప్పడానికి నాలుగు రోజులు పట్టింది. పెంకు దింపి పక్కన పేర్చారు. గూడున్న గోడను చివరిరోజు పడగొట్టారు, దూలాలు తీయడానికి అడ్డమని.

పరీక్షకు ఇంకా తొమ్మిది రోజులుండగా స్కూలు వరండాలో క్లాసు పెట్టాను. నలుగురూ వచ్చారు. బోర్డు లేదు. సిమెంటు గోడ మీద బొగ్గుతో రాశాను. x అనుకుందాం. x లోంచి x లో ఇరవై శాతం తీసేస్తే ఎనిమిది వేలు. నూటికి ఎనభై పాళ్లు ఎనిమిది వేలు. కాబట్టి x పది వేలు. నెమ్మదిగా, ఒక్కొక్క వరుసా రాశాను. తప్పు ఎవరిదో మాత్రం చెప్పలేదు. చెప్పాలనే నిలబడ్డాను. నోరు రాలేదు.

సరదా కూలీ పాత పేజీ తిప్పాడు. “సారూ, మొన్న తొమ్మిది వేల ఆరు వందలని రాయించిన్రు గదా. పుస్తకం తప్పన్నరు.”

నేను గోడవైపు తిరిగి ఉన్నాను. వెనక నుంచి ఆయా గొంతు వినిపించింది.

“పుస్తకంల లెక్కే సక్కగ రాయలే వాళ్లు. సారు సరిచేసిండు. నువ్వు మాటలు బంద్ చేసి రాస్కో జల్ది.”

ఆ మాట అబద్ధమని ఆమెకు తెలుసు, నాకు తెలుసు. గూట్లో పెట్టిన డబ్బు తిరగ్గొట్టగలిగాను గానీ దీన్ని తిరగ్గొట్టలేకపోయాను. తీసుకున్నాను. అందరూ రాసుకోవడం అయ్యేదాకా గోడవైపే చూస్తూ నిలబడ్డాను.

ఆమె పాసైంది. ఆ పై ఏడాది అదే గూడెంలో టీచరు అయింది. ఎదురైతే సారూ అనే పిలుస్తుంది. కచేరీ ఉన్న చోట ఇప్పుడు మిగిలిన పునాది రాళ్లు, రెండు నిమ్మచెట్లు ఉన్నాయి.

టేకు స్తంభాలు పన్నెండు, దూలాలు ఇరవై రెండు, తలుపులు మూడు జతలు, కుర్చీ ఒకటి, అన్నీ కలిపి లక్షా అరవై వేలకు అమ్ముడుపోయాయి.